ప్లాస్టిక్ బోల్టులు, కచ్చితమైన కొలతల భాగాలు: అపోహలు - వాస్తవాలు

డ్రాయింగ్‌లో "మెటీరియల్: నైలాన్" అని ఒక్క మాట రాసి పంపేవారు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. ఏ నైలాన్, ఎంత తేమలో, ఎంత వేడిలో, ఎన్నేళ్లు బిగిసి ఉండాలి అన్న ప్రశ్నలు ఆ భాగం చెడిపోయాక గానీ రావు. ఇంజనీరింగ్ ప్లాస్టిక్‌లతో పనిచేసేవాడిగా నాకు తరచూ ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే గుణాల పట్టికలో) బలం ఎక్కువగా ఉన్న ప్లాస్టిక్‌తో చేసిన బోల్టు ఎక్కువ కాలం బిగువుగా ఉంటుంది.

వాస్తవం: ఆ అంకె 23 డిగ్రీల సెల్సియస్ వద్ద, కొద్ది నిమిషాల్లో ముగిసే పరీక్షలో వచ్చినది. బోల్టు మాత్రం ఏళ్ల తరబడి లాగబడుతూనే ఉంటుంది. అలా నిరంతరం బరువు మోసే ప్లాస్టిక్ నెమ్మదిగా సాగుతుంది (దీనినే క్రీప్ అంటాం). అంతే నెమ్మదిగా బిగింపు సడలుతుంది. పైగా మొదట దొరికే బిగింపే తక్కువ. 8.8 బలం తరగతి ఉక్కు ఎం6 (6 మిల్లీమీటర్ల వ్యాసపు) బోల్టును సాధారణంగా 9 కిలోన్యూటన్ల దాకా బిగించవచ్చు. తేమ పట్టిన నైలాన్ 66 (నైలాన్‌లో ఒక రకం) బోల్టు అదే సైజులో సుమారు 1.2 కిలోన్యూటన్ల దగ్గరే తెగిపోతుంది. కాబట్టి ప్లాస్టిక్ బోల్టును విద్యుత్ నిరోధకత, తుప్పు పట్టకపోవడం, తక్కువ బరువు కోసం ఎంచుకోవాలే గానీ బిగింపు బలం కోసం కాదు. బిగువు తప్పనిసరైన చోట లోహపు బోల్టు వాడి, ప్లాస్టిక్ భాగం నలగకుండా దాని రంధ్రంలో లోహపు స్లీవ్ పెట్టడం మేలు.

అపోహ: మైక్రోమీటర్ అనే కొలత పరికరంలో కొలత సరిపోతే భాగం సరిగ్గా ఉన్నట్లే.

వాస్తవం: ఈ నమ్మకానికి నేనూ మూల్యం చెల్లించాను. 40 మిల్లీమీటర్ల బయటి వ్యాసం గల నైలాన్ 66 బుష్‌లను (షాఫ్ట్ లోపల తిరిగే గొట్టం లాంటి ముక్కలను) పొడి రాడ్ నుంచి లేత్ మీద కోసి, ప్రతి ఒక్కటీ కొలిచి, లోహపు హౌసింగ్‌లో (గూటిలో) బిగించి ఇచ్చాను. అమర్చిన రోజు షాఫ్ట్ వేలితో తిప్పితే తిరిగింది. కొన్ని వారాల తరువాత మాత్రం రెంచ్ పెట్టినా కదలలేదు. నైలాన్ 66 సగం సాపేక్ష ఆర్ద్రత గల గాలిలో కాలక్రమేణా సుమారు 2.5 శాతం, పూర్తిగా నీటిలో మునిగితే దాదాపు 8.5 శాతం బరువు మేరకు నీటిని పీల్చుకుంటుంది. ఆ మొదటి స్థితిలోనే పొడవు అర శాతం పైగా పెరుగుతుంది, అంటే 40 మిల్లీమీటర్లకు 0.2 మిల్లీమీటర్లకు పైగా. బయటికి ఉబ్బడానికి హౌసింగ్ చోటివ్వలేదు కనుక ఆ ఉబ్బు లోపలికి తిరిగి రంధ్రాన్ని ఇరుకు చేసింది. అక్కడ వాడవలసింది అసిటాల్ అనే మరో ప్లాస్టిక్. నీటిలోనే ఉంచినా అది సుమారు ఒక శాతమే పీల్చుకుంటుంది.

అలాగని నైలాన్‌లో తేమ ఉండటమే దోషమని అనుకోకూడదు. పూర్తిగా పొడిబారిన నైలాన్ స్క్రూ పెళుసుగా విరుగుతుంది. విరగకుండా దెబ్బను తట్టుకునే దాని గుణం చాలావరకు ఆ తేమ నుంచే వస్తుంది.

అసిటాల్‌కు కూడా వేడి అనే బలహీనత ఉంది. అది ఉక్కుకన్నా దాదాపు తొమ్మిది రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. 50 మిల్లీమీటర్ల అసిటాల్ భాగం 20 డిగ్రీల తేడాకే సుమారు 0.11 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కోత వేడి చల్లారకముందే కొలిచి "ఓకే" అనడం, ఉక్కు డ్రాయింగ్‌లోని టాలరెన్స్‌ను (అనుమతించే కొలత తేడాను) యథాతథంగా దించడం రెండూ పొరపాట్లే. రాడ్‌లో దాగిన ఒత్తిళ్లు విడుదలయ్యేందుకు ముతక కోత తరువాత కొంత విరామం ఇచ్చి, ఆ తరువాతే చివరి కోత వేయాలి.

అపోహ: గాజు నార కలిపితే అన్నీ మెరుగవుతాయి.

వాస్తవం: దృఢత్వం పెరుగుతుంది, క్రీప్ తగ్గుతుంది. అయితే నారలు అచ్చులో ప్రవాహం దిశగా అమరుతాయి కాబట్టి ఒక దిశలోని బలం మరో దిశలో ఉండదు, భాగం వంకరపోయే అవకాశమూ ఉంది. రాపిడి ఉన్న చోట ఎదుటి మెత్తని షాఫ్ట్‌ను ఆ నారలు గీరేస్తాయి.

అపోహ: ఖరీదైన పీక్ (అధిక వేడిని తట్టుకునే ప్లాస్టిక్) వాడితే ఏ సమస్యా ఉండదు.

వాస్తవం: పీక్ 343 డిగ్రీల వద్ద కరుగుతుంది గనుక ఆ దరిదాపుల దాకా బలంగా ఉంటుందని భావిస్తారు. నిజానికి 143 డిగ్రీల గాజు పరివర్తన (ప్లాస్టిక్ మెత్తబడటం మొదలయ్యే వేడి) దాటగానే దాని దృఢత్వం గణనీయంగా పడిపోతుంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం దానిని కరిగిస్తుంది కూడా. గది వేడిలో తిరిగే మామూలు గేరుకు పీక్ సూచించేవారు డబ్బు వృథా చేస్తున్నారన్నదే నా అభిప్రాయం.

అపోహ: స్క్రూ వదులవుతుంటే రెండు చుక్కల త్రెడ్‌లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) వేస్తే సరి.

వాస్తవం: సాధారణ త్రెడ్‌లాకర్ గట్టిపడటానికి గాలి తగలకపోవడంతో పాటు లోహపు స్పర్శ కూడా అవసరం. రెండు వైపులా ప్లాస్టిక్ ఉంటే అది ద్రవంగానే మిగిలిపోవచ్చు. ఆ ద్రవం ఒత్తిడిలో ఉన్న పాలికార్బొనేట్, ఏబీఎస్ వంటి ప్లాస్టిక్‌లలో ఇంకితే స్క్రూ రంధ్రం చుట్టూ వెంట్రుకంత సన్నని పగుళ్లు పుడతాయి. అవి వెంటనే కనబడకపోవచ్చు. తనిఖీలో బాగున్న పెట్టె, వాడుకలోకి వెళ్లాక మూల దగ్గర విడిపోతుంది.