బేరింగ్ మారని ఓడ

"సముద్రం అంత విశాలంగా ఉంటుంది కదా, ఓడలు ఒకదాన్నొకటి ఎలా గుద్దుకుంటాయి సార్?" వనస్థలిపురం నుంచి ఇంటర్ చదివే ఒక అమ్మాయి పంపిన ప్రశ్న ఇది. హైదరాబాదుకు సముద్రం దూరమే గానీ, ఈ విషయంతో మన ఊరికి రెండు చోట్ల చుట్టరికం ఉంది. ఒకటి ప్రగతినగర్ దగ్గరున్న ఇన్‌కాయిస్, అంటే సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ. 2017 జనవరి 28న తెల్లవారుజామున ఎన్నూరు రేవు బయట డాన్ కాంచీపురం, బీడబ్ల్యూ మేపుల్ అనే ఓడలు ఢీకొని నూనె ఒలికితే, ఆ తెట్టు ఎటు కొట్టుకుపోతుందో లెక్కగట్టింది ఇక్కడివాళ్లే. చెన్నై తీరంలో ఆ జిడ్డును బకెట్లతో ఎత్తిపోయడం టీవీలో చూసే ఉంటారు. రెండో చుట్టరికం కంచన్‌బాగ్‌తో. అది కాసేపట్లో చెబుతాను.

ప్రశ్నకు సగం జవాబు సులువే. ఓడలు సముద్రమంతా పరుచుకుని తిరగవు. దగ్గరి దారి అందరికీ ఒకటే కాబట్టి శ్రీలంక దక్షిణ కొన, సింగపూర్ జలసంధి, ఇంగ్లండ్‌కూ ఫ్రాన్స్‌కూ మధ్య ఉన్న డోవర్ లాంటి చోట్ల కిక్కిరిసిపోతాయి. డోవర్‌లో 1967లోనే వచ్చే దారి, పోయే దారి వేరు చేశారు. నాకు ఎంత చదివినా తనివి తీరనిది మిగతా సగం. ఎదుటి ఓడ కళ్లముందే ఉన్నా అది మనల్ని గుద్దబోతోందని కంటికి తెలియదు. ఎందుకంటే గుద్దబోయే ఓడ పక్కకు జరిగినట్టే కనిపించదు.

ఓఆర్ఆర్ సర్వీసు రోడ్డు మీద కారు నడిపేవాళ్లకు ఇది అనుభవమే. ఖాళీ కూడలి. కుడివైపు రోడ్డులోంచి బైకు వస్తోంది. "ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో తెలీదు" అంటాడు డ్రైవరు తర్వాత. అతను చెప్పేది నిజమే. కారూ బైకూ నిలకడైన వేగంతో ఒకే చోటికి ఒకే క్షణంలో చేరేలా వస్తుంటే, డ్రైవరు కంటికి బైకు ఉన్న దిశ మారదు. మొదట అద్దం పక్కనున్న పిల్లర్ చాటున ఉంటే చివరిదాకా ఆ చాటునే ఉంటుంది. పిల్లర్ లేకపోయినా మోసపోతాం. కంటి చివర్లు బాగా పట్టుకునేది కదలికను. ఈ బైకు కదలదు, పెరుగుతుందంతే. ఆ పెరగడమూ ఒక్క తీరుగా ఉండదు. దూరం సగమైతే పరిమాణం రెట్టింపవుతుంది. ఢీకొనడానికి అరగంట ఉందనుకోండి, మొదటి రెట్టింపుకు పావుగంట పడుతుంది, రెండోదానికి ఏడున్నర నిమిషాలు, మూడోదానికి నాలుగు నిమిషాలు కూడా పట్టదు. చివర్లో ఒక్కసారిగా మీద పడ్డట్టు ఉంటుంది.

ఇప్పుడు ఓడల లెక్క వేద్దాం. మన ఓడ 12 నాట్ల వేగంతో, అంటే గంటకు 12 నాటికల్ మైళ్లతో (దాదాపు 22 కిలోమీటర్లు), ఉత్తరానికి పోతోంది. ఇంకో ఓడ మనకు 6 నాటికల్ మైళ్లు ఉత్తరంగా, 6 మైళ్లు తూర్పుగా ఉండి, అదే వేగంతో పడమరకు వస్తోంది. కంపాస్ మీద అది 45 డిగ్రీల దగ్గర కనిపిస్తుంది. ఉత్తర దిక్కు నుంచి కొలిచే ఈ కోణాన్నే నావికులు బేరింగ్ అంటారు. పావుగంటలో రెండూ చెరో 3 మైళ్లు జరుగుతాయి. అప్పుడది 3 మైళ్లు ఉత్తరం, 3 మైళ్లు తూర్పు. బేరింగ్ మళ్లీ 45. దూరం మాత్రం ఎనిమిదిన్నర మైళ్ల నుంచి నాలుగుంపావుకు దిగింది. బేరింగ్ మారకుండా దూరం తగ్గుతోందంటే ఢీకొనే దారిలో ఉన్నట్టే.

అదే ఆ ఓడ వేగం 10 నాట్లే అయితే? పావుగంటకు బేరింగ్ 49 దాటుతుంది, 24వ నిమిషానికి 59కి వస్తుంది. ముప్పావు మైలు తేడాతో మన వెనక నుంచి దాటిపోతుంది. కానీ మొదటి ఆరు నిమిషాల్లో బేరింగ్ మారేది ఒక్క డిగ్రీ! సాపేక్ష వేగాన్ని (మన ఓడ నుంచి చూస్తే అవతలి ఓడకు ఉండే వేగం), రెండు ఓడలూ చివరికి ఎంత దగ్గరికి వస్తాయో ఆ దూరంతో గుణించి, ఇప్పుడున్న దూరం వర్గంతో భాగిస్తే బేరింగ్ మారే వేగం వస్తుంది. కింద వర్గం ఉంది కాబట్టి దూరాన ఉన్నప్పుడు గుద్దే ఓడా, తప్పుకునే ఓడా ఒకేలా కనిపిస్తాయి. అందుకే డ్యూటీలో ఉన్న ఆఫీసరు దిక్కు చూపే గైరో కంపాస్ రిపీటర్ మీద, గురి చూసేందుకు బిగించిన అజిమత్ సర్కిల్‌లోంచి చూసి, 045 అని రాసుకుని, కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ చూస్తాడు. కిటికీ అంచును గుర్తు పెట్టుకుంటే చాలదు. అలలకు మన ఓడ ముక్కు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి, కిటికీలో ఎదుటి ఓడ జరిగినట్టు కనిపించినా అసలు బేరింగ్ అక్కడే ఉండొచ్చు. ఓడలు ఢీకొనకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నిబంధనల్లో ఏడోది కంపాస్ బేరింగ్ అనే ప్రత్యేకించి చెబుతుంది. అందులో ఇంకో మెలిక ఉంది. భారీ ఓడ దగ్గరగా ఉంటే బేరింగ్ మారుతున్నా ప్రమాదం తప్పినట్టు కాదు. 400 మీటర్ల కంటెయినర్ ఓడ కిలోమీటరు దూరంలో అడ్డంగా ఉంటే, దాని ముందు కొసకీ వెనక కొసకీ మధ్య 20 డిగ్రీలకు పైనే తేడా ఉంటుంది. మనం చూసింది ఒక కొసను, తగిలేది ఇంకో కొస కావచ్చు.

ఇదంతా ఇంటర్‌లో చెప్పే సాపేక్ష వేగం పాఠమే. వానలో గొడుగు ఎంత వంచాలి, ఏట్లో పడవ ఎటు తిప్పాలి అని ఎప్‌సెట్ కోసం ఫార్ములాలు బట్టీ పట్టిస్తారు. బోర్డు మీద రెండు ఓడలు గీసి, గడియారం చూస్తూ జరిపితే పిల్లలు జన్మలో మరిచిపోరు. ప్రమాదం జరగ్గానే "గండం" అనే మాట మన నోటికి వస్తుంది. ఈ గండాన్ని అరగంట ముందే కొలవొచ్చని ఆ పిల్లలకు తెలియాలి.

ఇక కంచన్‌బాగ్. అక్కడి రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌లో క్షిపణుల మీద పనిచేసే ఇంజినీర్లకు ఈ సూత్రం కొట్టినపిండి. ప్రపోర్షనల్ నావిగేషన్ పద్ధతిలో నడిచే క్షిపణి, లక్ష్యం దిశ ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచి, సాధారణంగా దానికి 3 నుంచి 5 రెట్ల వేగంతో తన దారిని తిప్పుకుంటుంది. ఆ తిరుగుడు సున్నా అయిందంటే గురి కుదిరినట్టే. ఎగిరే పురుగును పట్టే తూనీగ పట్టు కూడా ఇంచుమించు ఇదే. క్షిపణి ఏ సున్నా కోసం తంటాలు పడుతుందో, ఓడ ఆ సున్నాను చెరిపేయడానికి తంటాలు పడాలి.

ఎలా చెరపాలి? ఇంజన్ ఓడలు అడ్డంగా ఎదురైతే, అవతలి ఓడ ఎవరికి కుడివైపున కనిపిస్తుందో వాళ్లే దారి ఇవ్వాలి. వేళకు ముందే, అవతలివాళ్లకు స్పష్టంగా తెలిసేంతగా మలుపు తిప్పాలి. కొంచెం కొంచెంగా తిప్పొద్దని ఎనిమిదో నిబంధన గట్టిగా చెబుతుంది. 1956 జులై 25 రాత్రి అమెరికా తీరంలో పొగమంచులో ఆండ్రియా డోరియా, స్టాక్‌హోమ్ అనే ప్రయాణికుల ఓడలు ఢీకొని 51 మంది చనిపోయారు. రెండింటిలోనూ రాడార్ ఉంది. ఆండ్రియా డోరియాలో ఆ రాడార్ చూపిన బేరింగులను కాగితం మీద గీసి చూడలేదు, పైగా మొదట ఎడమకు తిప్పింది 4 డిగ్రీలే. 4 డిగ్రీల మలుపు అవతలి రాడార్ తెర మీద మలుపులా కనిపించదు.

ఇప్పుడు రాడార్ వెనక కంప్యూటరే ఈ లెక్క వేసి, ఎంత దగ్గరికి, ఎన్ని నిమిషాల్లో వస్తామో చెప్పేస్తుంది. విదేశాలకు తిరిగే 300 గ్రాస్ టన్నేజీ, ఆపైన ఓడలన్నీ ఏఐఎస్ అనే పరికరంతో తమ పేరు, చోటు, వేగం రేడియోలో చాటుతూ ఉండాలి. మన విశాఖ, కాకినాడ మత్స్యకారుల చిన్న ఫైబర్ పడవలు ఈ నిబంధనలోకి రావు. ఫైబర్ గ్లాసు రాడార్ తరంగాలను సరిగ్గా తిప్పికొట్టదు, రాత్రిపూట ఆ పడవ తెర మీద అల చుక్కల్లో కలిసిపోతుంది. దీనికి చవకైన మందు రాడార్ రిఫ్లెక్టర్. మూడు లోహపు రేకులను గది మూలలాగా ఒకదానికొకటి లంబంగా బిగిస్తారు. ఏ వైపు నుంచి మూలలోకి తరంగం వచ్చినా మూడు రేకుల మీదా తగిలి, వచ్చిన దిక్కుకే తిరిగిపోతుంది. దాన్ని ఎంత ఎత్తున కడితే అంత దూరం నుంచి పెద్ద ఓడ రాడార్‌కు చిక్కుతుంది.