బెత్తం పోయాకే పిల్లలు చెడిపోయారా? హైస్కూలు క్లాసుపై అపోహలు - వాస్తవాలు

2025 మార్చిలో విజయనగరం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో, పిల్లలు మాట వినడం లేదన్న బాధతో హెడ్మాస్టరు వాళ్ల ముందే సాష్టాంగపడి తానే గుంజీలు తీశారు. ఆ వీడియో చూసినవాళ్లలో చాలామంది, బెత్తం తిరిగి ఇవ్వాలన్నారు. ఆ మాటతోనే మొదలుపెడదాం.

అపోహ: బెత్తం ఉంటే క్లాసు దారిలో ఉంటుంది.

బెత్తంతో వచ్చే నిశ్శబ్దం ఆ టీచరున్నంతసేపే. ఆ కసంతా తర్వాతి పీరియడ్‌లో మెత్తగా మాట్లాడే టీచరు మీద పడుతుంది. పైగా 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అది 14 ఏళ్ల వరకే కదా అని పదో తరగతి పిల్లాణ్ణి కొట్టినా, 2015 బాలన్యాయ చట్టం 75వ సెక్షను కింద టీచర్ల మీద కేసులు పెడుతున్నారు. దానికి జైలు కూడా పడవచ్చు.

అపోహ: గొడవంతా ఆఖరి బెంచీ వాళ్లదే.

గొడవ మొదలయ్యేది మొదటి ఐదు నిమిషాల్లో. టీచరు హాజరు వేసి, బోర్డు తుడిచి, చాక్‌పీసు వెతుక్కునే లోపు యాభైమందికి పనేమీ ఉండదు. ఆ ఖాళీని పూడ్చాలి. లోపలికి రాగానే బోర్డు మీద రెండు ప్రశ్నలు రాయండి: ఒకటి నిన్నటి పాఠంలోది, ఒకటి అందరికీ వచ్చేది. నాలుగు నిమిషాలు ఇవ్వండి, హాజరు ఆలోపే పేర్లు పిలవకుండా వేసుకోండి. "పుస్తకాలు మూయండి" అన్నాక అందరూ మూసేదాకా ఇంకో మాట చెప్పొద్దు. బోర్డు మీద మూడు లైన్లకు మించి ఏకబిగిన రాయొద్దు. కాగితం రాకెట్లు ఎగిరేది మన వీపు చూసే.

అపోహ: ఎదురుతిరిగినవాణ్ణి అక్కడికక్కడే అణచాలి.

పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లాడికి తోటివాళ్ల ముందు పరువే ప్రాణం. అందరిలో నిలదీస్తే తగ్గలేడు. గొంతు తగ్గించి, బెంచీ పక్కకు వెళ్లి, "లెక్క ఇక్కడ చేస్తావా, ముందు బెంచీలో కూర్చుని చేస్తావా?" అని అడిగి పక్కకు వెళ్లిపోండి. మీరు ఎదురుగా నిలబడి ఉన్నంతసేపు వాడు వంగడు. బెల్లు కొట్టాక, స్టాఫ్ రూములో పదిమంది ముందు కాకుండా, విడిగా మూడు నిమిషాలు మాట్లాడండి: ఏం జరిగింది, రేపు ఏం చేస్తావు?

చాలామంది "టీసీ ఇచ్చేస్తా" అని బెదిరిస్తారు. ఎనిమిదో తరగతి దాకా బడి నుంచి తీసేయడం విద్యాహక్కు చట్టం 16వ సెక్షను ప్రకారం కుదరదు. జరగని బెదిరింపని పిల్లలకు తెలిసిన రోజు మన మిగతా మాటలకూ విలువ పోతుంది.

అపోహ: సహనం కోల్పోయే టీచరు పనికిరాడు.

ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో తిప్పుతోందా? ఇంటికొచ్చాక కూడా ఒకే పిల్లాడి పేరు తలలో తిరుగుతోందా? అది చేతగానితనం కాదు, అలసట. దీన్ని పని చోట తగ్గని ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గుర్తించింది. చేయి లేస్తుందనిపిస్తే చేతిలోది బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, క్లాసుకు రాతపని ఇచ్చి, లీడరుతో పక్క క్లాసు టీచరుకు కబురు పంపండి. ఈ ఒప్పందం ముందే చేసుకుని ఉండాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

హెడ్మాస్టర్లు చేయాల్సింది కూడా ఉంది. అల్లరి ఎక్కువున్న సెక్షనుకు చివరి పీరియడ్ రోజూ ఒకే టీచరుకు పడుతోందేమో టైమ్‌టేబుల్ తీసి చూడండి. పడుతుంటే ఈ వారమే మార్చండి.