టమాటా కాయకూ శివారు పొలానికీ ఒకటే కష్టం

శ్రీకాకుళంలో మా ఎదురింటి పిన్నిగారు మొన్న డాబా మీదికి పిలిచి ఓ టమాటా కాయను తిప్పి చూపించారు. పైనంతా నిగనిగలాడే పచ్చదనం. అడుగున మాత్రం రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ, తోలులా ఎండి గుంట పడింది. “మొదటి కాపు, బాబూ. ఎవరి దిష్టో తగిలింది” అన్నారు. కొమ్మకు అప్పటికే ఎర్రగుడ్డ కట్టి ఉంది. కుండీలో గుప్పెడు గుడ్డు పెంకులూ ఉన్నాయి.

ఆవిడ అలా అనుకోవడంలో వింత లేదు. ఈ మచ్చ తరచు తొలి గుత్తులకే, అంటే వచ్చినవాళ్ళంతా చూసి మెచ్చుకున్న కాయలకే వస్తుంది. పురుగు కనబడదు, బూజు కనబడదు. అసలు సంగతి ఏమిటంటే, కాయ అడుగుకు కాల్షియం అందలేదు. చాలాసార్లు మట్టిలో అది కావలసినంత ఉంటుంది. అయినా దారిలోనే ఆగిపోతుంది.

మొక్కలో దారువు (జైలం) అనే గొట్టాలు నీటిని, పోషక కణజాలం (ఫ్లోయం) ఆహారాన్ని మోస్తాయని బడిలో రెండు మార్కుల కోసం బట్టీ పట్టాం. కాల్షియం దారువులో నీటి వెంటే వెళ్తుందని, పోషక కణజాలంలోకి దాదాపు ఎక్కదని ఆ రోజు చెప్పి ఉంటే పాఠం ఎంత రుచిగా ఉండేదో! నత్రజని, పొటాష్ ముదురాకును వదిలి లేత చిగురుకో కాయకో తరలిపోగలవు. కాల్షియం ఒకసారి ఆకులో దిగితే ఇక కదలదు.

గొట్టా బ్యారేజీ నుంచి వచ్చే వంశధార కాలువ కింద శివారు రైతును అడగండి. కాలువకు నీరు వదిలిన మాట నిజమే, కానీ ఎగువ మడులు తడిశాక మిగిలితేనే ఆయన పొలానికి. టమాటా మొక్కలో దారువు కాలువ, ఆకులు ఎగువ ఆయకట్టు. ఆకుల నిండా ఉన్న పత్రరంధ్రాలు పగలంతా నీటిని ఆవిరి చేస్తూ కింది నుంచి లాగుతూనే ఉంటాయి. కాయ తొక్కకు పత్రరంధ్రాలే లేవు, పైగా మైనపు పూత. ఆవిరి పోనిచోటికి నీరు గట్టిగా రాదు, నీరు రానిచోటికి కాల్షియమూ రాదు. కాయలో మళ్ళీ తొడిమ వైపు ఎగువ, అడుగు శివారు. మచ్చ అడుగునే పడటానికి కారణం అదే. కాయ ఊరేకొద్దీ దానికి చేరే నీరు ఎక్కువగా చక్కెరతో పాటు పోషక కణజాలం గుండా వస్తుంది. అందులో కాల్షియం నామమాత్రం. కాబట్టి పిందె పడిన తొలి వారాల్లో అందిందే అసలైన వాటా.

ఒకరోజు నీళ్ళు మరిచి, మరునాడు కుండీ పొంగేలా పోశారనుకోండి. కాలువ తగ్గినప్పుడు ముందు ఎండేది శివారే. యూరియా ఎక్కువ వేస్తే ఎగువన కొత్త ఆయకట్టు తెరిచినట్టే: ఆకులు గుబురెక్కి నీటినంతా తామే తీసుకుంటాయి. దానికితోడు అమ్మోనియం వేరు దగ్గరే కాల్షియానికి అడ్డుపడుతుంది.

కాల్షియం అందకపోతే మచ్చ ఎందుకు పడాలి? కణాల గోడల్లో పెక్టిన్ అనే పొడవాటి గొలుసులుంటాయి. వాటిపై రుణావేశం. కాల్షియం అయానుకు రెండు ధనావేశాలు ఉండటంతో పక్కపక్క గొలుసులు రెండింటినీ ఒకేసారి పట్టి బిగిస్తుంది. గొలుసుల మధ్య గుంటల్లో ఈ అయాన్లు కూర్చునే తీరు అచ్చం గుడ్ల అట్టలో గుడ్లలా ఉంటుందని రసాయన శాస్త్రవేత్తలు ఆ పేరే పెట్టారు. అవి చాలకపోతే గోడ వదులవుతుంది, కణపొర కారుతుంది, కణాలు కూలి నల్లబడతాయి. పిన్నిగారు వేసిన పెంకుల్లోనూ కాల్షియమే ఉంది, కార్బొనేట్ రూపంలో. అది కరగడానికి నెలలు పడుతుంది. మట్టి కలిపేటప్పుడే మెత్తగా పొడి కొట్టి వేస్తే కొంత ఫలితం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రాత్రి జరిగే పని. చీకటి పడగానే పత్రరంధ్రాలు చాలావరకు మూసుకుంటాయి, ఎగువ తూములు దించినట్టు. వేళ్ళు మాత్రం లవణాలను లోపలికి తీసుకుంటూనే ఉంటాయి. వాటి వెంట నీరు చేరి, వేరు పీడనం దాన్ని పైకి నెడుతుంది. శివారుకు వంతు వచ్చేది అప్పుడే! మర్నాడు తెల్లవారుజామున పిన్నిగారికి టార్చిలైటు వేసి చూపించాను: ఒక్కో ఆకు అంచున, రంపపు పళ్ళ కొసల్లో మాత్రమే, వరుసగా నీటి పూసలు. మంచు అయితే ఆకంతా తడుస్తుంది. ఇది మొక్క తనలోంచి బయటికి నెట్టిన నీరు, బిందుస్రావం. రాత్రి మట్టి పొడిగా ఉంటే ఈ నెట్టుడు ఉండదు.

అందుకే రోజూ ఉదయం నీళ్ళు పోసి, సాయంత్రం వేలు గుచ్చి చూసి, పొడిగా తగిలితే మళ్ళీ కొంచెం పోయాలి. కుండీ 12 అంగుళాలకు తగ్గకూడదు. బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు) ముందే కలిపి, పైన ఉద్దానం కొబ్బరి పీచు పరిస్తే తడి నిలుస్తుంది. కుండీ అడుగు రంధ్రాలు మూసుకుపోకూడదు, ఊపిరాడని వేరు నెట్టలేదు.

మచ్చ పడిన కాయ ఇక బాగుపడదు, తెంపేయండి. ఇది అంటు తెగులు కాదు, పక్క మొక్కకు సోకదు. నలుపు మేర కోసేస్తే, లోపల కుళ్ళు పాకనంతవరకు మిగతాది పప్పులో వేసుకోవచ్చు. పిన్నిగారు అలాగే చేశారు.