సిగార్ల పెట్టె: కాల్చాలా, దాచాలా, అమ్మాలా? కొన్ని అపోహలు - వాస్తవాలు

జూబ్లీహిల్స్, బంజారాహిల్స్, ఈమధ్య కోకాపేట. నా పని ఎక్కువగా ఈ మూడు వైపులే. ఇళ్లలో హ్యూమిడార్లు సర్దుతాను, వాటిలో తేమ చూస్తాను, పాత పెట్టె చేతికిస్తే అసలుదో నకిలీదో చెబుతాను. హ్యూమిడార్ అంటే సిగార్లు ఎండిపోకుండా తేమను ఒకే తీరున నిలిపే చెక్కపెట్టె. డబ్బున్నవాళ్ల ఇంట్లో అది బీరువా అంత ఉంటుంది.

టీ తాగాక అందరూ చివరికి ఒకటే అడుగుతారు. "వీటిని కాల్చేయమంటారా, దాచమంటారా, మంచి రేటొస్తే అమ్మేయమంటారా?" హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు అమ్మకం అనే దారి దాదాపు లేనట్టే. దాచడం ఖర్చుతో కూడిన పని. కాల్చడమా, దానికి ఒంటితో కట్టాల్సిన లెక్క వేరే ఉంది. ఇలా రాస్తే గిరాకీకి దెబ్బ అని మా ఆవిడ అంటుంది. అయినా రోజూ వినే మాటలకు ఒకచోట జవాబు రాసిపెడితే నాకూ గొంతు నొప్పి తగ్గుతుంది.

అపోహ: అరుదైన సిగార్లు పెట్టుబడి. కొని పెట్టుకుంటే రేటు దానంతటదే పెరుగుతుంది.

వాస్తవం: ఈ మాట 2022 నుంచి మరీ ఎక్కువైంది. ఆ ఏడాది క్యూబా సిగార్లను ప్రపంచమంతా అమ్మే హబానోస్ సంస్థ కొహీబా, ట్రినిడాడ్ బ్రాండ్ల ధరలను అన్ని దేశాల్లోనూ హాంకాంగ్ రేటుకు తెచ్చేసింది. కొన్నిచోట్ల ఒక్కసారిగా రెట్టింపు దాటాయి. అదే సెప్టెంబరులో ఇయాన్ తుపాను పినార్ దెల్ రియో మీద విరుచుకుపడింది. క్యూబాలో మేలురకం పొగాకు పండేది అక్కడే. ఆకు ఆరబెట్టే పాకలు వేల సంఖ్యలో కూలిపోయాయి. సరుకు తగ్గింది, రేటు ఎక్కింది, అంతకుముందే కొన్నవాళ్లు లాభపడ్డారు. పెరిగిన రేటుకు ఇప్పుడు కొంటున్నవాళ్లకూ అంతే లాభం వస్తుందని మాత్రం ఎవరూ రాసివ్వలేదు.

ఇంకొకటి, హవానా వేలం వార్త. ఏటా అక్కడ జరిగే సిగార్ల పండుగ చివరి రాత్రి కొన్ని హ్యూమిడార్లను వేలం వేస్తారు. 2024లో అది కోటీ 70 లక్షల యూరోలు దాటింది. ఆ ఫోటో వాట్సాప్‌లో తిరిగిన వారం నాకు ఫోన్లే ఫోన్లు. ఆ హ్యూమిడార్లు కళాకారులు ఒక్కొక్కటే చేసినవి, లోపలి సిగార్లు వాటి కోసమే చుట్టినవి. వచ్చిన సొమ్ము క్యూబా ఆరోగ్య శాఖకు వెళ్తుందని తెలిసే పెద్ద పెద్ద వ్యాపారులు పాట పెంచుతారు. దుబాయ్ డ్యూటీ ఫ్రీలో మీ బావమరిది కొన్న 25 సిగార్ల పెట్టెకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

లండన్‌లో పాత సిగార్లకు నిజంగానే వేలాలు ఉన్నాయి. అక్కడ కొనేవాడు చూసేవి మూడు: పెట్టె సీలు తీయకుండా ఉందా, అడుగున ఫ్యాక్టరీ, నెల, సంవత్సరం ముద్ర ఉందా, ఇన్నేళ్లూ ఎక్కడ ఏ వాతావరణంలో ఉంచారు. మొదటి రెండూ మన దగ్గర ఉండొచ్చు. మూడోదానికి "మణికొండ ఫ్లాట్‌లో, బెడ్‌రూమ్ అటక మీద" అని చెబితే అక్కడే బేరం ముగుస్తుంది. ఇక పెట్టె తెరిచి నాలుగు కాల్చి మిగిలినవి అమ్ముతానంటే విడి సిగార్ల రేటే, అదీ మీ మీద నమ్మకం ఉన్నవాడు దొరికితే.

చట్టం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. 2003 నాటి పొగాకు చట్టం ప్రకారం బొమ్మతో కూడిన ఆరోగ్య హెచ్చరిక లేని ప్యాకెట్‌తో మన దేశంలో వ్యాపారం చేయకూడదు. 2016 ఏప్రిల్ నుంచి ఆ హెచ్చరిక ప్యాకెట్ ముందూ వెనకా 85 శాతం మేర ఉండాలి. జెనీవాలోనో దుబాయ్‌లోనో కొన్న పెట్టె మీద అది ఉండదు. పొగాకు ప్రకటనలూ నిషేధమే, కాబట్టి గ్రూపుల్లో ఫోటో పెట్టి "సేల్‌కి ఉంది" అనడం కూడా చిక్కే. శంషాబాద్‌లో దిగేటప్పుడు సుంకం లేకుండా తెచ్చుకోనిచ్చే 25 సిగార్లు సొంత వాడకానికి, వ్యాపారానికి కాదు. బయటి దేశానికి పంపి అమ్ముదామా అంటే చాలా కొరియర్ కంపెనీలు పొగాకు ముట్టుకోవు. ముట్టుకున్నా అవతలి దేశం సుంకం, వేలం సంస్థ కమిషన్ పోగా మిగిలేదేమిటో కాగితం మీద వేసి చూడండి. మా దగ్గర "రీసేల్" అని చెప్పుకునేది చాలావరకు ఒక స్నేహితుడు ఇంకో స్నేహితుడికి మొహమాటంతో ఇచ్చేసిన సరుకే.

అపోహ: ఎంత పాతదైతే అంత రుచి.

వాస్తవం: పాత బియ్యం అన్నం బాగుంటుందని ముప్పై ఏళ్లు బస్తా ఉంచుతామా? ఇదీ అంతే. కొత్త సిగార్‌లో అమ్మోనియా ఘాటు ఉంటుంది, నెలలు గడిచేకొద్దీ అది పోతుంది. ఘాటైన ఆకుతో చుట్టినవి ఐదు, పది ఏళ్లలో మెత్తబడతాయి. తేలిక రకాలను అన్నేళ్లు పెడితే వాసనంతా పోయి ఎండుటాకు కాల్చినట్టే ఉంటుంది. పైగా మొదటే బాగా చుట్టనిదాన్ని ఏ వయసూ బాగుచేయలేదు. 1990ల చివర గిరాకీ విపరీతంగా పెరిగి క్యూబా కొత్తవాళ్లను పెట్టి హడావిడిగా చుట్టించింది. 2000 ప్రాంతపు పెట్టెల్లో పొగ లాగితే రాని సిగార్లు ఎన్ని దొరుకుతాయో పాత కలెక్టర్లను అడగండి. వాటికి ఇప్పుడు పాతికేళ్లు. పొగ మాత్రం ఇంకా రాదు.

1962 ముందు నాటి పెట్టెల సంగతి వేరు. అమెరికా క్యూబా మీద ఆంక్షలు పెట్టకముందు సరుకు కాబట్టి వాటికి చరిత్ర విలువ. అప్పటి అమెరికా అధ్యక్షుడు కెనెడీ ఆ ఆంక్షల కాగితం మీద సంతకం పెట్టేముందు తన ప్రెస్ సెక్రటరీ చేత వెయ్యికి పైగా క్యూబా సిగార్లు తెప్పించుకున్నాడన్న కథ ఆ ప్రెస్ సెక్రటరీయే చెప్పాడు. అలాంటి పెట్టె దొరికితే కొనేవాడు కొనేది రుచిని కాదు.

అపోహ: సిగార్ మీద తెల్లటి పొడి వచ్చిందంటే బాగా మాగిందని గుర్తు.

వాస్తవం: అది బూజు. ఆకులోని నూనెలు బయటికొచ్చి స్ఫటికాలు కట్టాయని మురిపెంగా చెబుతారు, నేను చూసినవన్నీ బూజే. పై ఆకు మీద కొద్దిగా ఉంటే తుడిచి, తేమ తగ్గించండి. వెలిగించే కొస నుంచి లోపలికి పాకితే చెత్తబుట్టే.

అపోహ: డబ్బా బిగించి బీరువాలోనో ఫ్రిజ్‌లోనో పెడితే ఏళ్ల తరబడి ఉంటాయి.

వాస్తవం: సిగార్‌కు కావాల్సింది 65 నుంచి 70 శాతం తేమ, 16 నుంచి 21 డిగ్రీల వేడి. మన ఊళ్లో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు తేమ 30 లోపు పడిపోతుంది, వేడి 40 దాటుతుంది. ఆగస్టులో తేమ 80 దాటుతుంది. ఏసీ ఇంకా ఆరబెడుతుంది. ఇప్పటి ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ అంతకన్నా ఆరబెడుతుంది, పైగా సాంబారు వాసన అంటిస్తుంది.

ఎండితే కొంతవరకు తిరిగి తేమ పట్టించొచ్చు, నిదానంగా, వారాల మీద. తొందరపడితే లోపలి ఆకు ఉబ్బి పై ఆకు పగులుతుంది. అసలు భయం ఎండటం కాదు, పురుగు. పొగాకు పురుగు గుడ్లు ఆకులో కంటికి కనిపించకుండా ఉండొచ్చు. వేడి 24 డిగ్రీలు దాటి కొన్నాళ్లు నిలిస్తే పొదిగి, పిల్లపురుగు లోపలి నుంచి తొలుచుకుంటూ బయటికి వస్తుంది. మన ఇళ్లలో ఇది ఎప్పుడు జరుగుతుందో దాదాపు చెప్పేయొచ్చు: అమ్మానాన్నలు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి, మెయిన్ స్విచ్ ఆపేసి, వేసవంతా ఇంటికి తాళం వేసినప్పుడు.

అనుమానం వస్తే తెల్లకాగితం పరిచి, సిగార్‌ను వెలిగించే కొస కిందికి ఉండేలా పట్టుకుని వేలితో రెండుసార్లు తట్టండి. గోధుమరంగు మెత్తటి పొడి రాలితే, పక్క నుంచి గుండుసూది గుచ్చినట్టు బెజ్జం కనిపిస్తే, ఆ పెట్టె మొత్తం విడిగా పెట్టేయాలి. బెజ్జం లేనివాటిని జిప్ కవర్‌లో, దాన్ని ఇంకో జిప్ కవర్‌లో పెట్టి గాలి నొక్కేసి, ఒక రోజు ఫ్రిజ్‌లో, మూడు రోజులు డీప్ ఫ్రీజర్‌లో, మళ్లీ ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి బయటికి తీయండి. నేరుగా ఫ్రీజర్ నుంచి బల్ల మీదికి తెస్తే పై ఆకు చిట్లుతుంది. ఇక్కడ ఫ్రిజ్ చికిత్సకే, నిల్వకు కాదు.

తేమ చూపే మీటర్‌ను నమ్మేముందు పరీక్షించండి. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, కరిగిపోకుండా ముద్దగా తడిసేంత నీళ్లు చుక్కలు చుక్కలుగా పోయండి. ఆ మూతను, మీటర్‌ను ఒకే జిప్ కవర్‌లో మూసి రాత్రంతా ఉంచండి. తడి ఉప్పు మూసిన చోట తేమను 75 దగ్గర నిలుపుతుంది. మీటర్ 71 చూపిస్తే, రోజూ దాని లెక్కకు 4 కలుపుకోవాలి. వేలు పోసి హ్యూమిడార్ కొన్నవాళ్ల ఇళ్లలో కూడా తప్పు చూపే మీటర్లు కనిపిస్తాయి, అందులోనూ ఆ ముల్లున్న ఇత్తడి గుండ్రటివి అందానికే.

అపోహ: పెట్టె ఘనంగా ఉంటే సిగార్ అసలుదే.

వాస్తవం: అద్దం మూతతో మెరిసే కొహీబా పెట్టె ఎవరైనా చూపిస్తే ఇంకేమీ చూడక్కర్లేదు, నకిలీ. హబానోస్ అలాంటిది చేయదు. అసలు పెట్టె అడుగున అక్షరాలు చెక్కలోకి కాల్చి వేసి ఉంటాయి. "పూర్తిగా చేత్తో చుట్టినది" అని స్పానిష్‌లో ఉండే మాట అక్కడ 1989లో చేరింది. హబానోస్ పేరు 1994 నుంచి వచ్చింది, అంతకుముందు క్యూబాతబాకో అని ఉండేది. కాబట్టి "మా తాతగారు 1985లో తెచ్చారు" అన్న పెట్టె అడుగున హబానోస్ ముద్ర ఉంటే తాతగారిని కాదు, అమ్మినవాణ్ని అనుమానించాలి. కొత్త పెట్టెల సీలు మీది నంబరును హబానోస్ సైట్‌లో సరిచూసుకునే వీలుంది. పేరులోని ఇంగ్లిష్ 'O' అక్షరం లోపల ఎర్రచుక్క ఉన్న కొహీబా మాత్రం నకిలీ కాదు, డొమినికన్ రిపబ్లిక్‌లో తయారై అమెరికాలో అమ్మే వేరే బ్రాండ్. క్యూబాదని చెప్పి ఆ రేటు తీసుకుంటే అది మోసం.

అపోహ: సిగార్ పొగ లోపలికి పీల్చం కాబట్టి ఏమీ కాదు.

వాస్తవం: సిగార్ పొగకు క్షార గుణం ఉంటుంది, నికోటిన్ నోటి పొర నుంచే రక్తంలోకి వెళ్తుంది. ఒక పెద్ద సిగార్‌లో ఒక సిగరెట్ ప్యాకెట్‌కు సరిపడా పొగాకు ఉండొచ్చు. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకు పీల్చనక్కర్లేదు. మనవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు: శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ (నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లలో అంగిలి క్యాన్సర్ గురించి మన డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా రాస్తున్నారు. లంక పొగాకు చుట్ట అనగానే ముక్కు మూసుకునే మనిషి, అదే ఆకు హవానాలో చుడితే కాలు మీద కాలేసుకుని గొప్పలు పోతాడు. నోటికి ఆ తేడా తెలియదు. కాల్చే అలవాటు లేనివాళ్లు, ఖరీదైనది వృథా అవుతుందని మొదలుపెట్టొద్దు.

అపోహ: హుక్కాను నిషేధించారు కదా, సిగార్ కూడా పోయినట్టే.

వాస్తవం: తెలంగాణ 2024 ఫిబ్రవరిలో నిషేధించింది హుక్కా పార్లర్లను. సిగార్‌కు పాత నియమాలే: బహిరంగ ప్రదేశంలో కుదరదు, హోటళ్లలోనైతే విడిగా కేటాయించిన గదిలోనే.

అపోహ: నాన్నగారు దాచిన పెట్టెను తెరవకూడదు, విలువ పోతుంది.

వాస్తవం: ఈ ఫోన్ అమెరికా నుంచి, చాలాసార్లు అర్ధరాత్రి వస్తుంది. "అన్నా, నాన్నగారి అల్మారాలో మూడు పెట్టెలున్నాయి, నేను సిగరెట్ కూడా తాగను, ఏం చేయమంటావ్?" ముందు అడుగున ముద్రకు, సీలుకు ఫోటో తీసి పంపమంటాను. బిల్లు ఉంటే దాన్నీ. అంతవరకు సీలు తీయొద్దు. తర్వాత అవి ఇన్నేళ్లూ ఎలా ఉన్నాయో అడుగుతాను. హ్యూమిడార్ లేకుండా హైదరాబాద్ వేసవులు నాలుగైదు దాటినవైతే అమ్మకపు విలువ ఎప్పుడో పోయింది, తెరిస్తే కొత్తగా పోయేదేమీ లేదు. తెరిచి పురుగు చూడండి. బాగున్నవి ఉంటే, ఎలాగూ సిగార్ కాల్చే నాన్నగారి స్నేహితులు ఎవరో మీకు తెలిసే ఉంటుంది, వాళ్లకు ఇవ్వండి. పెట్టె మంచి చెక్క, ఇంట్లో ఉంచుకోవచ్చు.

బాగా నిల్వ ఉన్నవైతే, కాల్చేవాళ్లు కూడా ఉంటే, నేను చెప్పే పద్ధతి ఒకటే: ఒకే రకం రెండు పెట్టెలుంటే ఒకటి తెరవండి, ఏడాదికి ఒకటో రెండో కాల్చి రుచి ఎటు పోతోందో రాసుకోండి. దిగుతున్నట్టు అనిపిస్తే రెండోదాన్నీ దాచి ఉంచకండి. ఒక్క పెట్టే ఉంటే దాచే మాట మానండి.

పురుగు పట్టినవాటిని డస్ట్‌బిన్‌లో విడిగా వేయకండి. కవర్‌లో గట్టిగా కట్టి వేయండి, పిల్లలో కుక్కలో నమిలితే నికోటిన్ విషమే.