క్యాంపర్ వ్యాన్ తయారీ వ్యాపారం: అపోహలు - వాస్తవాలు

ఖాళీ సరుకు వ్యాన్‌లో మంచం, వంటగట్టు, నీళ్లు, కరెంటు అమర్చి ఇల్లులా మార్చడం నా పని. ఈ పనిలోకి దిగాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఏ చెక్క వాడాలి అని. మొత్తం బరువు ఎంత లోపు ఉండాలని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: వడ్రంగం బాగా వస్తే చాలు.

వాస్తవం: వడ్రంగం వచ్చినవాళ్లే ఇక్కడ ఎక్కువగా దెబ్బతింటారు. ఇంట్లో అల్మరా గట్టిగా ఉండాలంటే మందం చెక్క వేస్తాం. వ్యాన్‌లో ఆ అలవాటే కొంప ముంచుతుంది. ప్రతి బండికీ మనుషులు, సామానుతో కలిపి ఇంత బరువు దాటకూడదని ఒక పరిమితి ఉంటుంది. ఆ పరిమితి 2,800 కిలోలు, ఖాళీ బండి 1,900 కిలోలు అనుకోండి. మిగిలింది 900. అందులో నలుగురు మనుషులకు 300, వంద లీటర్ల నీళ్లకు 100, బట్టలు, వంటసామాను, సైకిళ్లకు 150 తీసేయండి. మీ పనితనం మొత్తానికి మిగిలేది 350 కిలోలు. గట్టి చెక్కతో చేసిన 18 మి.మీ. ప్లైవుడ్ ఎనిమిదడుగుల షీటు ఒక్కటే 30 కిలోల పైమాట. పది షీట్లు వాడితే బ్యాటరీకి, ఫ్రిజ్‌కి, పరుపుకి చోటే లేదు.

నా రెండో బండి చూడ్డానికి ముచ్చటగా వచ్చింది. తూస్తే పరిమితి కన్నా 140 కిలోలు ఎక్కువ. వంటగట్టు మొత్తం పీకేసి పలచటి చెక్కతో మళ్లీ కట్టాను, నా సొంత ఖర్చుతో. అప్పటి నుంచి బండి రాగానే ఒకసారి, పని సగమయ్యాక ఒకసారి, అప్పగించే ముందు ఒకసారి వేబ్రిడ్జి ఎక్కిస్తున్నాను. ముందు చక్రాలు, వెనక చక్రాలు విడివిడిగా కూడా తూస్తాను. ఎందుకంటే నీళ్ల ట్యాంకును వెనక చక్రాలు దాటి చివర్లో పెడితే, వెనక ఇరుసు మీద పడే భారం ట్యాంకు బరువు కన్నా ఎక్కువే ఉంటుంది. తక్కెడలో ఒకవైపు దిగితే రెండోవైపు లేచినట్టు, ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది. మొత్తం బరువు సరిగ్గా ఉన్నా ఈ తప్పు జరగొచ్చు.

అపోహ: సామాను ఖర్చు మీద కొంత లాభం వేసుకుంటే ధర వచ్చేస్తుంది.

వాస్తవం: ఈ వ్యాపారంలో మునిగేది సామాను దగ్గర కాదు, గంటల దగ్గర. వ్యాన్ లోపల ఒక్క గోడా తిన్నగా ఉండదు. ప్రతి ముక్కకూ ముందు అట్టతో నమూనా కోయాలి, పెట్టి చూడాలి, తీయాలి, చెక్కాలి, మళ్లీ పెట్టాలి. జిగురు ఆరేదాకా ఆగాలి. ఒక డ్రాయరు పని రెండు గంటలు అనుకుంటే పూట గడిచిపోతుంది. మొదటి బండి మూడు వారాల్లో ఇచ్చేస్తానని మాటిచ్చి పదకొండు వారాలు తీసుకున్నాను. నాకు మిగిలింది లెక్కేస్తే కూలి కూడా రాలేదు. ఇప్పుడు పుస్తకంలో రోజూ ఏ పనికి ఎన్ని గంటలు పట్టిందో రాసుకుంటాను. కొత్త కస్టమర్‌కు ధర చెప్పేటప్పుడు ఆ పుస్తకమే నాకు దిక్కు. "ఈ స్విచ్ కాస్త అటు జరపండి" అన్నా సరే, గంటలు లెక్కగట్టి, కాగితం మీద సంతకం పెట్టించుకున్నాకే చెయ్యి వేస్తాను. మొహమాటపడితే అంతే సంగతులు.

అపోహ: పెద్ద బ్యాటరీ పెడితే ఇంట్లోలాగే అన్నీ నడుస్తాయి.

వాస్తవం: 12.8 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది 1,280 వాట్ అవర్లు. 1,800 వాట్ల ఇండక్షన్ పొయ్యి ఇన్వర్టర్ మీద నడిపితే, నష్టాలు కలుపుకొని, బ్యాటరీ నుంచి 150 ఆంపియర్ల పైనే లాగుతుంది. అసలు చిక్కు అక్కడే. సన్న వైరు, వదులుగా నొక్కిన లగ్గు (వైరు చివర తొడిగే లోహపు ముక్క) ఉంటే ముందు వేడెక్కేది ఆ చోటే. ఫ్యూజు పరికరాన్ని కాపాడటానికని చాలామంది అనుకుంటారు. అది ముఖ్యంగా వైరును కాపాడటానికి. అందుకే బ్యాటరీకి వీలైనంత దగ్గర్లో ఉండాలి. ఇంకో మాట, మామూలు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు చార్జ్ చేస్తే పాడవుతుంది.

అపోహ: సందుల నిండా ఫోమ్ కొట్టేస్తే చలి, తేమ రెండూ రావు.

వాస్తవం: తేమ బయటి నుంచి వచ్చేదానికన్నా లోపల పుట్టేదే ఎక్కువ. మన ఊపిరి, వంట ఆవిరి చల్లటి రేకుకు తగిలి నీళ్లవుతాయి. గాలి ఆడే దారి, కప్పు మీద ఫ్యాను లేకుండా ఎంత ఫోమ్ కొట్టినా వృథా. పైగా తలుపుల అడుగున, కింది అంచుల్లో నీళ్లు కారిపోవడానికి కంపెనీ వదిలిన రంధ్రాలు ఫోమ్‌తో మూసుకుపోతే తుప్పు లోపలి నుంచే తినేస్తుంది. రిపేరుకు వచ్చిన ఒక బండి తలుపు ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినపడింది!

అపోహ: గ్యాస్ లీకైతే కిటికీ తీస్తే సరి.

వాస్తవం: వంటగ్యాస్ గాలి కన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. సిలిండరు పెట్టే పెట్టెకు అడుగున బయటికి తెరుచుకునే రంధ్రం ఉండాల్సిందే.

అపోహ: మంచంగా మారే బెంచీకి బెల్టు బిగిస్తే సీటు అయిపోతుంది.

వాస్తవం: ఐక్యరాజ్యసమితి 14వ నంబరు వాహన నిబంధన ప్రకారం, కార్లకు, చిన్న వ్యాన్లకు మూడు పాయింట్ల బెల్టు పరీక్షలో భుజం పట్టీని, నడుము పట్టీని ఒకేసారి ఒక్కోదాన్ని దాదాపు 13,500 న్యూటన్ల బలంతో లాగుతారు. అంటే ఒక్కో పట్టీకి సుమారు 1,375 కిలోలు వేలాడదీసినట్టు. ప్లైవుడ్‌కు కొట్టిన బోల్టు దీని ముందు ఏ పాటి? పరీక్షించి అమ్మే సీటు ఫ్రేము కొని, దాన్ని తయారుచేసినవాళ్లు చెప్పిన చోటే, చెప్పిన పద్ధతిలోనే బిగిస్తాను. లేదంటే ఆ పని ఒప్పుకోను. బెంచీకి బెల్టు వేసివ్వమని పట్టుబట్టిన ముగ్గురిలో ఇద్దరు వేరే చోటికి వెళ్లిపోయారు. మూడో ఆయన మంచం కాస్త ఇరుకైనా పర్లేదని, బండితో వచ్చిన సీటే ఉంచుకున్నాడు.