అమెరికా విద్యార్థి వీసా: అపోహలు, వాస్తవాలు

అమెరికాలో చదువుకోవడానికి తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్ళే విద్యార్థుల దరఖాస్తులను సరిచూడటం నా వృత్తి. ఈ పనిలో నిబంధనలు వివరించడానికి పట్టే సమయం తక్కువ. హాస్టల్ గదుల్లో, వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో, ఒక్కోసారి బంధువుల ఇంట పెళ్ళిపందిట్లో విని వచ్చిన మాటలను తీసివేయడానికి పట్టే సమయం ఎక్కువ. ఆ మాటలన్నీ దాదాపు ఒకే నమ్మకం నుంచి పుట్టాయి: వీసా అనేది కన్సల్టెన్సీ వాళ్ళు చేయించి పెట్టే పని అనీ, విద్యార్థి వెళ్ళి నిలబడితే చాలనీ. ఎఫ్-1 (విద్యార్థి) వీసా దరఖాస్తు మొదటి అక్షరం నుంచి చివరి సంతకం వరకు విద్యార్థిదే. ఈ ఒక్క విషయం మరచిపోయినప్పుడే అపోహలు ఖరీదైనవిగా మారుతున్నాయి.

అపోహ: ఫైలు ఎంత బరువుగా ఉంటే వీసా అంత ఖాయం.

నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో విద్యార్థి ఇంటర్వ్యూ సాధారణంగా రెండు మూడు నిమిషాలకు మించదు. అంత వ్యవధిలో ఏ అధికారీ వంద పేజీల ఫైలును తిరగేయలేరు. పాస్‌పోర్టు, ఐ-20 (విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రవేశార్హత పత్రం) తప్ప మరే కాగితమూ అడగకుండానే ముగిసే ఇంటర్వ్యూలు ఎన్నో ఉంటాయి. అధికారి ఎదుట తెరపై ఉండేది మీరు పంపిన డీఎస్-160 (ఆన్‌లైన్ వీసా దరఖాస్తు) పత్రం. ప్రశ్నలు అందులోంచే పుడతాయి. అడిగితే చూపడానికి మార్కుల పత్రాలు, బ్యాంకు పత్రాలు, సెవిస్ (అమెరికాలోని విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ) రుసుము చెల్లించిన రసీదు వెంట ఉంచుకోవలసిందే, కానీ అవి మీ బదులు మాట్లాడవు.

అపోహ: డీఎస్-160 కన్సల్టెన్సీ వాళ్ళు నింపుతారు, అందులో ఏముందో మనకు అనవసరం.

నా దృష్టిలో అన్నింటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే, అందుకే దీని గురించి కొంత విస్తరంగా చెప్పాలి. ఆ పత్రం చివర ఎలక్ట్రానిక్ సంతకం చేసే చోట, పైన రాసినదంతా నిజమని ప్రకటిస్తున్నది దరఖాస్తుదారు. పత్రం ఎవరు నింపినా ఆ ప్రకటనకు బాధ్యత మాత్రం బదిలీ కాదు. ఇతరులెవరైనా నింపడంలో సహాయం చేశారా అన్న ప్రశ్న కూడా అక్కడే ఉంటుంది. కన్సల్టెన్సీలో కూర్చుని నింపించుకుని, ఆ ప్రశ్నకు ‘లేదు’ అని పెట్టించుకున్న దరఖాస్తులు నా ముందుకు తరచూ వస్తుంటాయి. అంటే, దరఖాస్తు ఒక అబద్ధంతోనే బయలుదేరుతుంది.

మిగతా తప్పులూ ఇలాంటివే. అక్క అమెరికాలో ఉన్నా సమీప బంధువులెవరూ లేరని రాయడం, గతంలో ఒకసారి వీసా తిరస్కరణకు గురైనా దాన్ని దాచడం, అయిదేళ్ళుగా వాడుతున్న సామాజిక మాధ్యమ ఖాతాలు అడిగితే ఏవీ లేవని పెట్టడం. పాత తిరస్కరణల వివరాలన్నీ వీసా అధికారుల కంప్యూటర్లలో ఉంటాయి కనుక దాచినందువల్ల ఒరిగేదేమీ లేదు. 2025 జూన్ నుంచి ఎఫ్ (విద్య), ఎం (వృత్తివిద్య), జె (మార్పిడి కార్యక్రమాలు) వీసాల దరఖాస్తుదారులు తమ సామాజిక మాధ్యమ ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలని అమెరికా విదేశాంగ శాఖ కోరుతోంది కాబట్టి, లేవని రాసిన ఖాతా బయటపడటానికి ఎంతోసేపు పట్టదు. అక్క అమెరికాలో ఉందని రాస్తే వీసా రాదన్న భయానికి చట్టంలో ఆధారం లేదు. అది అధికారి తూచే విషయాల్లో ఒకటి మాత్రమే. అబద్ధం సంగతి అలా కాదు. ముఖ్యమైన విషయాన్ని ఉద్దేశపూర్వకంగా తప్పుగా చెప్పినట్లు తేలితే, వలస, జాతీయత చట్టంలోని 212(ఎ)(6)(సి) సెక్షన్ కింద అమెరికా ప్రవేశానికి జీవితకాలం అనర్హత పడవచ్చు. మామూలు తిరస్కరణ తర్వాత మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ ఈ మచ్చ ఒకసారి పడితే తేలికగా పోదు.

ఇంటర్వ్యూ తేదీల (స్లాట్ల) విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఏజెంట్లు బాట్లతో (తమంతట తామే బుక్ చేసే ప్రోగ్రాములతో) పట్టిన సుమారు 2,000 అపాయింట్‌మెంట్లను భారతదేశంలోని అమెరికా రాయబార కార్యాలయం 2025 మార్చిలో ఒకేసారి రద్దు చేసింది. మీ లాగిన్ పాస్‌వర్డు, ఈమెయిలు, ఫోన్ నంబరు మీవే అయి ఉండాలి, మీ చేతిలోనే ఉండాలి. మిగిలిందంతా మీరు నింపి, అనుభవజ్ఞుల చేత ఒకసారి సరిచూపించుకుంటే చాలు.

అపోహ: డబ్బు ఆరు నెలలుగా బ్యాంకులో ఉండాలి, లేకుంటే ‘ఫండ్స్’ చూపించుకోవాలి.

ఇన్ని రోజులు నిల్వ ఉండాలన్న నియమం కొన్ని దేశాలకు ఉంది. బ్రిటన్ విద్యార్థి వీసాకు నిర్ణీత మొత్తం వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. జర్మనీకి సాధారణంగా బ్లాక్డ్ ఖాతా (డబ్బు ముందే జమచేసి, నెలకు కొంత మాత్రమే తీయగలిగే ఖాతా) కావాలి. ఈ నియమాలన్నీ చెవిన పడి, కలగాపులగమై, అమెరికాకు కూడా ఏదో ఒక గడువు ఉందన్న మాట ప్రచారంలోకి వచ్చింది. ఎఫ్-1 విషయంలో అటువంటి రోజుల లెక్క లేదు. మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు చేతికి అందేలా ఉందా, ఆ తర్వాతి ఏడాదికి నమ్మదగిన మార్గం ఉందా, అది ఎక్కడి నుంచి వస్తోంది అన్నవే అధికారి చూసేవి. విద్యారుణం మంజూరు పత్రం పూర్తిగా చెల్లుబాటయ్యే ఆధారం. తెలంగాణ ప్రభుత్వం అంబేడ్కర్ విదేశీ విద్యానిధి కింద ఇచ్చే 20 లక్షల రూపాయల సాయం లాంటివి వచ్చినవారు సంకోచించకుండా ఆ మంజూరు ఉత్తర్వునే చూపవచ్చు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు వ్యవసాయ కుటుంబాలది. తండ్రికి ఐటీ రిటర్నులు లేవు కాబట్టి వీసా రాదని చెప్పి, ఆయనను కాగితాల మీద వ్యాపారిని చేసి, లేని కంపెనీ పేరుతో రిటర్నులు పుట్టించే వారున్నారు. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. రిటర్నులు లేకపోవడం నేరమూ కాదు, లోపమూ కాదు. పట్టాదారు పాసు పుస్తకం, తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువీకరణ పత్రం, పంట అమ్మిన సొమ్ము జమ అయిన బ్యాంకు ఖాతా, పొలం అమ్మి ఉంటే రిజిస్టరైన దస్తావేజు, వీటితో ఆ కుటుంబం కథ నిజాయితీగా నిలుస్తుంది. ‘మా నాన్న రైతు, నాలుగు ఎకరాలు అమ్మాం, మిగతాది బ్యాంకు రుణం’ అన్న జవాబు విని వీసా ఇచ్చిన సందర్భాలు మా వృత్తిలోని వారందరికీ తెలిసినవే. తండ్రి ‘వ్యాపారం’ ఏమిటో చెప్పలేక కొడుకు తడబడిన సందర్భాలూ అంతే తెలిసినవి.

‘ఫండ్స్’ అద్దెకు తేవడమంటే, రుసుము తీసుకుని ఎవరో కొద్దిరోజులకు మీ ఖాతాలో డబ్బు వేసి, బ్యాంకు లేఖ చేతికి రాగానే వెనక్కి తీసుకోవడం. ఇది మోసమన్న మాట అలా ఉంచితే, లెక్క ప్రకారం చూసినా ఇది తెలివైన పని కాదు; ఆ డబ్బుతో ఫీజు కట్టలేరు కదా. ఐ-20లో నిధుల మూలం అన్న చోట ఒకటి, డీఎస్-160లో ఖర్చు భరించేవారి దగ్గర మరొకటి, నోటితో ఇంకొకటి వచ్చే దరఖాస్తుల్లో ఎక్కువ భాగం ఇలా తెచ్చిన డబ్బువే.

అపోహ: జవాబులు బట్టీ పడితే గట్టెక్కుతాం.

చట్టంలోని 214(బి) సెక్షన్ ఏమంటుందో తెలిస్తే ఈ అపోహ ఎందుకు నిలవదో అర్థమవుతుంది. వీసా కోరి వచ్చిన వ్యక్తి అమెరికాలో స్థిరపడటానికే వస్తున్నాడని చట్టం ముందే భావిస్తుంది. కాదని అధికారికి తృప్తి కలిగేలా నిరూపించుకోవలసిన భారం దరఖాస్తుదారుదే. ఒకే ఉదయం ఒకే కిటికీ ముందు నలుగురు విద్యార్థులు వచ్చి, నాలుగు వేర్వేరు విశ్వవిద్యాలయాల గురించి ‘పరిశోధన సౌకర్యాలు, అనుభవజ్ఞులైన అధ్యాపకులు’ అని ఒకే వాక్యం అప్పజెపితే, ఆ భారాన్ని ఎవరూ మోసినట్లు కాదు. ఆ కోర్సులో ఏ పాఠ్యాంశాలు ఉన్నాయో, బీటెక్‌లో చదివినదానికి వాటితో సంబంధం ఏమిటో, వేరే విశ్వవిద్యాలయం ఎందుకు కాదన్నారో సొంత మాటల్లో చెప్పగలిగితే ఇంగ్లీషు కాస్త తడబడినా నష్టం లేదు. మాక్ ఇంటర్వ్యూలు తప్పని నేననను. బెరుకు పోవడానికి అవి పనికొస్తాయి. వాటితో పాటు అమ్మే ‘జవాబుల పుస్తకం’ మాత్రం కొనవద్దు.

బ్యాక్‌లాగులు, చదువు మధ్య విరామం ఉంటే వీసా రాదన్నది కూడా ఇలాంటి మాటే. అలాంటి నిబంధన ఏదీ లేదు. వాటిని చూసే విశ్వవిద్యాలయం మీకు ప్రవేశం ఇచ్చింది. అడిగితే ఉన్నది ఉన్నట్లు చెప్పండి.

అపోహ: హైదరాబాద్‌లో కష్టం, ఫలానా నగరంలో సులువు, ఫలానా కిటికీ అధికారి అందరినీ తిరస్కరిస్తారు.

ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతా, హైదరాబాద్ అయిదు చోట్లా చట్టం ఒకటే. అధికారులు కొద్ది సంవత్సరాల్లోనే బదిలీ అవుతుంటారు కాబట్టి టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే వర్ణనలకు ఆయుష్షు తక్కువ. తేదీ త్వరగా దొరికిందని వేరే నగరానికి వెళ్ళవచ్చు, అదృష్టం కోసం రైలు టిక్కెట్టు కొనవలసిన పని లేదు. అదృష్టమే కావాలంటే చిలుకూరు బాలాజీ మనకు దగ్గరలోనే ఉన్నాడు. మొక్కుకోవడానికి పదకొండు ప్రదక్షిణలు, వీసా వచ్చాక నూట ఎనిమిది. దానికి మా వృత్తిలో ఎవరికీ అభ్యంతరం లేదు, ముందు డీఎస్-160 ఒకసారి చదువుకుని వెళ్ళమంటాం, అంతే.

అపోహ: ఒకసారి తిరస్కరిస్తే ముద్ర పడినట్లే, మూడుసార్లయితే తలుపు మూసుకున్నట్లే.

214(బి) కింద తిరస్కరణ నిషేధం కాదు. దానిపై అప్పీలు లేదు, అయితే మళ్ళీ దరఖాస్తు పెట్టుకునే హక్కు ఉంది, ఇన్నిసార్లే అన్న పరిమితి చట్టంలో లేదు. వీసా రుసుము 185 డాలర్లు మళ్ళీ కట్టాలి. సెవిస్ రుసుము 350 డాలర్లు మాత్రం, అదే తరగతి వీసాకు పన్నెండు నెలల లోపు తిరిగి ప్రయత్నిస్తే మళ్ళీ కట్టనక్కరలేదు; ఈ సంగతి తెలియక రెండోసారి చెల్లించేవారు ఉన్నారు. తిరస్కరణ సమయంలో చేతికిచ్చే కాగితం అందరికీ ఒకటే, అందులో మీ సొంత కారణం రాసి ఉండదు. దాన్ని చూసి ‘మీ కారణం మాకు తెలుసు’ అని డబ్బు అడిగేవారు ఊహనే అమ్ముతున్నారు. కారణం కోసం మీ డీఎస్-160ను, ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నలను, మీరిచ్చిన జవాబులను అదే రోజు రాసిపెట్టుకుని చూడండి. ఏమీ మారకుండా పది రోజుల్లో మళ్ళీ వెళితే, మొదటి నిర్ణయాన్ని మార్చడానికి రెండో అధికారికి కారణం దొరకదు. 221(జి) కాగితం వస్తే అది వేరు; అదనపు పత్రాలో, పరిశీలనో మిగిలి ఉందని దాని అర్థం.

అపోహ: వీసాపై ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడితే చెల్లదు.

చెల్లుతుంది. ‘మొదటి పేరు తెలియదు’ అనే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలవి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, పేరంతా ఒకే గడిలో రాయించుకునే అలవాటు చాలామందిది. అప్పుడు డీఎస్-160లో ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, పేరు గడిలో ఈ మూడక్షరాలు చేరతాయి. చిక్కు తర్వాత మొదలవుతుంది. అమెరికాలో డ్రైవింగ్ లైసెన్సు మొదలు బ్యాంకు కార్డు దాకా అదే మీ పేరుగా వెంటాడవచ్చు. దరఖాస్తు మొదలు పెట్టకముందే ఇంటిపేరు విడదీసి పాస్‌పోర్టు తిరిగి జారీ చేయించుకుని, అదే పేరుతో ఐ-20 తీసుకోవడం మేలు.

అపోహ: వీసా పడితే పని అయిపోయినట్లే, వెళ్ళాక పార్ట్‌టైంలతో ఫీజు కట్టుకోవచ్చు.

తరగతులు జరిగే కాలంలో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని. పెట్రోలు బంకుల్లో, రెస్టారెంట్లలో నగదుకు చేసే పని హోదా ఉల్లంఘన. చదువు తర్వాత ఓపీటీ (చదివిన రంగంలో పని చేయడానికి ఇచ్చే అనుమతి) 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులకు మరో 24 నెలల పొడిగింపు అడగవచ్చు. పని కోసమే విశ్వవిద్యాలయం ఎంచుకుంటే ఏమవుతుందో మనవాళ్ళకు తెలియనిది కాదు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు, అక్కడి విద్యార్థుల్లో తెలుగువారే ఎక్కువ. కొందరి కాళ్ళకు నిఘా పరికరాలు తగిలించారు. 2019లో బయటపడిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమైతే అమెరికా వలస అధికారులే పన్నిన వల. దానికి తరగతులూ లేవు, అధ్యాపకులూ లేరు.

వీసా ఉన్నా దేశంలోకి అనుమతించేది విమానాశ్రయంలోని అధికారే. 2023 ఆగస్టులో అట్లాంటా, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయాల నుంచి కొందరు భారతీయ విద్యార్థులను తిప్పి పంపినప్పుడు వారిలోనూ తెలుగువారు ఉన్నారు. కోర్సు ప్రారంభానికి 30 రోజుల కన్నా ముందు ప్రవేశం ఉండదు కాబట్టి టిక్కెట్టు దానికి తగ్గట్టు తీసుకోవాలి. ఐ-20, ప్రవేశ పత్రం, నిధుల కాగితాలు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో వేయవద్దు. దిగిన తర్వాత ఐ-94 (ప్రవేశ నమోదు) పత్రాన్ని ఆన్‌లైన్‌లో తీసుకుని మీ ప్రవేశం ఎఫ్-1గానే నమోదైందో లేదో చూసుకోండి. విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెంటనే వెళ్ళండి. కోర్సు ప్రారంభ తేదీ నుంచి 30 రోజుల్లోగా వారు సెవిస్‌లో మీ నమోదు పూర్తిచేయాలి.