సి.ఎస్.ఐ.లో గురు అభిషేకంపై వచ్చిన వివాదం: అపోహలు, వాస్తవాలు

సంఘ చరిత్ర బోధించే ప్రెస్బిటర్‌గా (గురువుగా) నేను తరగతిలోనూ, పాస్టరేట్ సభల్లోనూ తరచుగా వినే కొన్ని మాటలను ఇక్కడ సరిచేయదలచుకున్నాను. ఇవన్నీ ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘపు సంప్రదాయం), మెథడిస్టు సంఘాలూ, దక్షిణ ఇండియా ఐక్య సంఘమూ ఒకటై 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘానికీ (సి.ఎస్.ఐ.), ఆ ఐక్యతలో చేరడానికి నిరాకరించిన నంద్యాల ప్రాంత విశ్వాసులకూ సంబంధించినవి.

అపోహ: ఐక్యత కోసం బిషప్ చేతి అభిషేకాన్ని, అంటే బిషప్ చేతులుంచి గురువులను నియమించే క్రమాన్ని, సంఘం వదులుకుంది.

వాస్తవం: ఆ రోజు తరువాత జరిగే ప్రతి అభిషేకమూ బిషప్ చేతుల మీదుగానే, ప్రెస్బిటర్లు కూడా చేతులుంచగా జరగాలని సంఘ నిబంధనావళి నిర్దేశించింది. వివాదమంతా అప్పటికే సేవలో ఉన్నవారి గురించే. మెథడిస్టు సంఘంలోనూ, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలు కలిసి 1908లో ఏర్పరచుకున్న దక్షిణ ఇండియా ఐక్య సంఘంలోనూ బిషప్ లేకుండానే అభిషేకం పొందిన గురువులను, మళ్లీ అభిషేకించకుండానే, ప్రెస్బిటర్లుగా స్వీకరించారు. మళ్లీ అభిషేకించి ఉంటే, వారు అంతవరకు ఇచ్చిన ప్రభు భోజనం చెల్లదని ప్రకటించినట్లే అయ్యేది. ఆ మాట అనకపోవడం న్యాయమని నేను నమ్ముతాను. భిన్న నేపథ్యాల పరిచర్య క్రమంగా ఒక్కటి కావడానికి 30 సంవత్సరాల గడువు పెట్టుకున్నారు.

అపోహ: నంద్యాల వారు తెల్లదొరల మీది అభిమానంతోనే బయట ఉండిపోయారు.

వాస్తవం: ఈ మాట నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తుంది, ఎందుకంటే ఇది ఆ విశ్వాసుల మనస్సాక్షిని చిన్నబుచ్చుతుంది. నంద్యాల అప్పుడు డోర్నకల్ అధ్యక్ష ఖండంలో (ఒక బిషప్ పాలనలోని ప్రాంతంలో) భాగం. 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్‌గా అభిషిక్తుడై, 1945 జనవరి 1న కన్నుమూసేవరకు ఐక్యత కోసం పాటుపడిన వి.ఎస్. అజరయ్య గారి ఖండం అది. అయినా ఆ ఖండంలో అందరి శిక్షణా ఒకటి కాదు. కృష్ణా ప్రాంతంలో చర్చి మిషనరీ సొసైటీ పనిచేసింది. అది సువార్త ప్రకటనకే పెద్దపీట వేసిన సంస్థ. నంద్యాల, ముత్యాలపాడు ప్రాంతాలలో ఎస్.పి.జి. (సొసైటీ ఫర్ ది ప్రొపగేషన్ ఆఫ్ ది గాస్పెల్) అనే మరో ఆంగ్లికన్ మిషన్ పనిచేసింది, అపొస్తలుల నుండి తెగకుండా వస్తుందని చెప్పే బిషప్ పరంపరను సంఘ స్వరూపంలో విడదీయరాని భాగంగా అది నేర్పింది. బిషప్ అభిషేకం లేనివారిని గురువులుగా ఎంచరాదని 1662 నాటి ఆంగ్లికన్ అభిషేక క్రమపు పీఠికలోనే ఉంది. చిన్ననాటి నుండి అదే నేర్చుకున్నవారు ఒక్క రోజులో దానిని పక్కన పెట్టలేకపోయారు.

ఏ స్థానిక సంఘం మీదా దాని మనస్సాక్షి ఒప్పుకోని పరిచర్యను రుద్దబోమని సి.ఎస్.ఐ. వాగ్దానం చేసింది కదా, మరి ఎందుకు చేరలేదని విద్యార్థులు అడుగుతారు. తమ ప్రభు భోజనపు బల్ల దగ్గర సేవ చేయడానికి ఏ గురువు వస్తారన్నది మాత్రమే అయితే ఆ వాగ్దానం చాలేది. తాము చేరే సంఘం మొత్తం ఏ పరిచర్య మీద నిలబడి ఉందన్నదే వారి ప్రశ్న. అందుకే చాలామంది పాత ఆంగ్లికన్ సంఘంలోనే, కలకత్తా మెట్రోపాలిటన్ (ముఖ్య బిషప్) పాలన క్రింద, ఉండిపోయారు. 1963లో నంద్యాల ప్రత్యేక అధ్యక్ష ఖండమైంది, 1975లో సి.ఎస్.ఐ.లో చేరింది. ఈ మధ్యకాలంలో ఆంగ్లికన్ లోకపు వైఖరి కూడా మారింది: ప్రపంచ ఆంగ్లికన్ బిషప్పులు కలుసుకునే లాంబెత్ సమావేశంలో 1948లో కొత్త సంఘపు పరిచర్యపై బిషప్పుల మధ్య ఏకాభిప్రాయం కుదరలేదు గాని, 1955లో ఇంగ్లండు సంఘపు కాన్వొకేషన్లు (బిషప్పులు, గురువుల సభలు) సి.ఎస్.ఐ. బిషప్పుల అభిషేకాలను నిజమైనవిగా గుర్తించాయి.

అపోహ: పట్టుదల అంతా ఆంగ్లికన్లదే, మిగిలినవారు సులువుగా ఒప్పుకున్నారు.

వాస్తవం: బిషప్ అనే పదవి వస్తే స్థానిక సంఘపు స్వేచ్ఛ పోతుందన్న భయం దక్షిణ ఇండియా ఐక్య సంఘం వారిలో బలంగా ఉండేది. ఐక్యతా ప్రణాళికను మెథడిస్టులు 1943లో, ఆంగ్లికన్లు 1945లో ఆమోదించగా, దక్షిణ ఇండియా ఐక్య సంఘం 1946లో, అందరికంటే చివరగా ఆమోదం తెలిపింది. తెలుగు బాప్టిస్టులు, ఆంధ్ర లూథరన్లు అసలు చేరనేలేదు.

అపోహ: స్త్రీల అభిషేకం ఇంగ్లండు సంఘాన్ని చూసి మనవాళ్లు తెచ్చుకున్నది.

వాస్తవం: తేదీలు చూస్తే ఈ మాట నిలవదు. ఇంగ్లండు సంఘంలో స్త్రీలు మొదటిసారి గురువులైనది 1994లో, సి.ఎస్.ఐ.లో 1980లలోనే స్త్రీలు ప్రెస్బిటర్లుగా సేవ చేస్తున్నారు. బిషప్పుల విషయంలోనూ అంతే. స్త్రీలను బిషప్పులుగా చేసే ప్రతిపాదనను 2012 నవంబరులో తిరస్కరించిన ఇంగ్లండు సంఘపు పాలక సభ, జనరల్ సినాడ్, దానిని 2014 జూలైలో గాని ఆమోదించలేదు; మొదటి అభిషేకం 2015 జనవరిలో జరిగింది. ఈలోపే, 2013 సెప్టెంబరులో, ఇ. పుష్పలలిత గారు సి.ఎస్.ఐ. మొట్టమొదటి మహిళా బిషప్‌గా నంద్యాల అధ్యక్ష ఖండంలో బాధ్యతలు స్వీకరించారు. పాత అభిషేక క్రమాన్ని విడువలేక 28 ఏళ్లు బయట ఉన్న ఖండమే ఇది. అందుచేత నంద్యాల వారిని మార్పుకు పుట్టు విరోధులుగా పాఠాలలో చెప్పడం ఇకనైనా మానుకోవాలని నా తోటి ఉపాధ్యాయులను కోరుతున్నాను.